నరం వేరు దెబ్బతింటే స్పర్శ తిరిగి వస్తుందా? ఎలుకల్లో గ్రోత్ ఫ్యాక్టర్స్ ఏం చేశాయంటే..

బైక్ మీద నుంచి పడ్డారు. భుజం నేలను బలంగా తాకింది. ఎముకలు విరగలేదు, గాయం మానింది. కానీ చేతికి స్పర్శ లేదు. వేడి గిన్నె పట్టుకున్నా తెలియదు. ఇలాంటి కేసుల్లో చాలాసార్లు దెబ్బ తగిలేది చేతిలో కాదు, మెడ దగ్గర వెన్నుపాము నుంచి బయటకొచ్చే నరాల వేర్లకు. ఆ నరాలను మళ్లీ మొలిపించవచ్చా? దశాబ్దాలుగా శాస్త్రవేత్తలు వెతుకుతున్న ప్రశ్న ఇదే.

అసలు సమస్య ఎక్కడుంది?

వెన్నుపాముకు ప్రతి స్థాయిలో రెండు వైపులా రెండేసి వేర్లు ఉంటాయి. ముందు వేరు కండరాలకు ఆదేశాలు పంపుతుంది. వెనుక వేరు, అంటే డోర్సల్ రూట్, స్పర్శ, నొప్పి, వేడి వంటి సమాచారాన్ని లోపలికి తెస్తుంది. చేతిలో నరం తెగితే అది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరగగలదు. డోర్సల్ రూట్ నలిగినా అందులోని నరాలు పెరుగుతాయి. కానీ వెన్నుపాము గుమ్మం దాకా వచ్చి ఆగిపోతాయి.

ఎందుకంటే ఆ గుమ్మం దగ్గర పరిసరాలే మారిపోతాయి. బయట నరాలకు తోడుండే ష్వాన్ కణాలు పెరుగుదలకు సాయం చేస్తాయి. లోపల ఆస్ట్రోసైట్లు, ఆలిగోడెండ్రోసైట్లు ఉంటాయి. పెద్దయ్యాక ఇవి కొత్త నరాలను లోపలికి రానివ్వవు.

ఏంటీ గ్రోత్ ఫ్యాక్టర్స్?

నరాల కణాలను బతికించి, పెరగమని సంకేతమిచ్చే ప్రొటీన్లే గ్రోత్ ఫ్యాక్టర్స్. వీటిలో మొదట వెలుగులోకి వచ్చింది ఎన్‌జీఎఫ్. దీనిపై పరిశోధనలకు రీటా లెవీ మోంటాల్చీని, స్టాన్లీ కోహెన్‌లకు 1986లో నోబెల్ బహుమతి దక్కింది.

2000లో లండన్ పరిశోధకులు పెద్ద ఎలుకల్లో డోర్సల్ రూట్లను నలిపి, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి ఈ ప్రొటీన్లను పంపారు. ఎన్‌జీఎఫ్, ఎన్‌టీ-3, జీడీఎన్‌ఎఫ్ ఇచ్చిన ఎలుకల్లో నరాలు గుమ్మం దాటి వెన్నుపాములోకి వెళ్లాయి. ఎన్‌జీఎఫ్, ఎన్‌టీ-3ల కుటుంబానికే చెందిన బీడీఎన్‌ఎఫ్ మాత్రం పనిచేయలేదు. అంటే ఏ ప్రొటీన్ ఇచ్చినా సరిపోదు. ఒక్కో రకం నరం ఒక్కో సంకేతానికే స్పందిస్తుంది.

ఆర్టిమిన్ ప్రత్యేకత ఇదే

2008లో అమెరికాలోని అరిజోనా యూనివర్సిటీ నేతృత్వంలోని బృందం ఆర్టిమిన్ అనే మరో ప్రొటీన్‌ను ప్రయత్నించింది. దీన్ని వెన్నుపాములోకి పంపాల్సిన పని లేదు, చర్మం కింద ఇంజెక్షన్ చాలు. ఎలుకల్లో స్పర్శ, నొప్పి తిరిగి తెలిశాయి, ముందు కాలిని వాడటం కూడా మెరుగుపడింది. ఇంజెక్షన్లు ఆపిన తర్వాత కూడా నెలల తరబడి ఆ ఫలితం నిలిచింది. గాయమైన రెండు రోజుల తర్వాత మొదలుపెట్టినా పనిచేసింది. ప్రమాదం జరిగిన వెంటనే అందరూ ఆస్పత్రికి చేరలేరు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

2010లో టఫ్ట్స్ యూనివర్సిటీ బృందం నరాలు వెన్నుపాములో తమకు సరైన పొరల్లోకే చేరుతున్నాయని చూపించింది. 2015లో అవి 3 నుంచి 4 సెంటీమీటర్లు పెరిగి మెదడు కాండం దాకా వెళ్లాయని తేల్చింది.

మరి మనుషులకు ఎప్పుడు?

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఈ ప్రయోగాల్లో వేర్లను నలిపారు. వేరు గొట్టంలా నిలిచే ఉంది, నరం పెరగడానికి దారి ఉంది. బైక్ ప్రమాదాల్లో చాలాసార్లు వేరు వెన్నుపాము నుంచే ఊడిపోతుంది. అది వేరే గాయం. సర్జన్లు ఊడిన ముందు వేర్లను తిరిగి అమర్చి కొంత కదలిక తెప్పించారు. స్పర్శ తెప్పించడం మాత్రం అంతకంటే కష్టం.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఎన్‌జీఎఫ్ ఎక్కువైతే నొప్పి నరాలు అవసరం లేని చోట్లకు కూడా పాకుతాయి. స్పర్శ రాకపోగా నొప్పి మిగిలే ప్రమాదం ఉంది.

అందుకే నరాల వేర్ల గాయానికి గ్రోత్ ఫ్యాక్టర్ చికిత్స మనుషుల్లో ఇంకా ఆమోదం పొందలేదు. 'ఇంజెక్షన్‌తో నరం మొలుస్తుంది' అని ఎవరైనా డబ్బులు అడిగితే నమ్మొద్దు. ప్రమాదం తర్వాత చేతికి స్పర్శ, కదలిక లేకపోతే 'అదే వస్తుందిలే' అని నెలల తరబడి ఎదురుచూడకండి. నరాల సర్జరీ చేసే డాక్టర్‌ను త్వరగా కలవండి. ఆలస్యమయ్యే కొద్దీ సర్జరీతో దక్కే ఫలితం తగ్గిపోతుంది.