మూడో చక్రాన్నీ తిప్పిన బండి

దాళ్వాకు దమ్ము చేసే రోజుల్లో గుడివాడ వైపు ఏ ట్రాక్టర్ డ్రైవరునడిగినా చెబుతాడు: వెనక చక్రం ఒకటి బురదలో దిగబడితే అదొక్కటే గిరగిరా తిరుగుతుంది, పట్టున్న రెండోది కదలదు. డిఫరెన్షియల్ లాక్ తొక్కితేనే రెండూ కలిసి లాగుతాయి. 1930లలో సైన్యాల మోటార్‌సైకిళ్ల చిక్కు ఇంతకంటే పెద్దది. సైడ్‌కారుతో కలిపి చక్రాలు మూడైనా ఇంజను తిప్పేది వెనక చక్రం ఒక్కదాన్నే. అది జారిందా, మనుషులూ మెషిన్‌గన్నూ అక్కడే.

సైడ్‌కారు చక్రాన్నీ తిప్పాలన్న ఆలోచన రెండో ప్రపంచ యుద్ధంలో పుట్టింది కాదు. ఇంగ్లండులో బురద కొండలెక్కే పోటీల వాళ్లు అప్పటికే చేసి చూశారు. దాన్నే నార్టన్ కంపెనీ 633 సీసీల ‘బిగ్ ఫోర్’ సైనిక బండిలోకి తెచ్చింది. డిఫరెన్షియల్ (రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేదు, లివర్ వేస్తే పక్క చక్రం కూడా తిరుగుతుంది, అంతే. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కదా, రెండూ సమానంగా తిరిగితే బండి మలుపు తిరగనంటుంది. అందుకే రోడ్డెక్కగానే లివర్ తీసేయాలి.

జర్మన్ సైన్యం ఇంతటితో సరిపెట్టుకోలేదు. నడక వేగంతో కవాతు వెంట పోవాలి, రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్లు పరుగెత్తాలి, 500 కిలోల బరువు మోయాలి అంది. బీఎండబ్ల్యూ, జుండాప్ కంపెనీలు పోటీకి దిగాయి. అసలు తెలివంతా డిఫరెన్షియల్లో ఉంది. బరువు ఎక్కువగా మోటార్‌సైకిల్ వైపే ఉంటుంది కనుక రెండు చక్రాలకూ బలం సమానంగా పంచితే బండి పక్కకు లాగేస్తుంది. జుండాప్ ఇంజనీర్లు వెనక చక్రానికి 70 పాళ్లు, సైడ్‌కారు చక్రానికి 30 పాళ్లు పంచారు. బురద కోసం లాక్ పెట్టారు. పరీక్షల్లో జుండాప్ బండే మేలనిపించి, దాన్నే తయారుచేయమని సైన్యం బీఎండబ్ల్యూని అడిగింది. ఆ కంపెనీ ఒప్పుకోలేదు. చివరికి ఆ డిఫరెన్షియల్‌ని మాత్రం తీసుకుంది. అలా వచ్చినవే బీఎండబ్ల్యూ ఆర్75, జుండాప్ కేఎస్750. బురదకు వేరే గేర్లు, రివర్స్ గేరు కూడా ఉన్నాయి. 400 కిలోల బండిని కాళ్లతో వెనక్కి నెట్టడం ఎవరి తరం? రష్యా, ఆఫ్రికాల దుమ్ము తగిలాక ఆర్75 ఎయిర్ ఫిల్టర్ పెట్రోలు ట్యాంకు మీదికెక్కింది.

అయితే ఇంత పనితనంతో దాదాపు కారే తయారైంది. అదే సైన్యం దగ్గరున్న కుబెల్‌వాగెన్ కారు నలుగుర్ని ఎక్కించుకునేది, నడపడానికి అంత నేర్పూ అక్కర్లేదు. 1944లో ఆర్75 తయారీ ఆగింది.

నా దృష్టిలో గెలిచింది రష్యన్ల మొద్దుబండి. యుద్ధానికి ముందరి బీఎండబ్ల్యూ ఆర్71ని చూసి వాళ్లు ఎం-72 కట్టారు. 22 గుర్రాల శక్తి, ఇంజను తిప్పేది వెనక చక్రం ఒక్కదాన్నే. 1941లో జర్మన్లు మాస్కోను సమీపిస్తుంటే ఫ్యాక్టరీని యూరల్ పర్వతాల అవతలి ఇర్బిట్‌కు తరలించి, పాత బీరు కర్మాగారంలో పని మొదలుపెట్టారు. యుద్ధం ముగిసేలోగా 9 వేలకు పైగా బండ్లు సైన్యానికి చేరాయి. దాని వారసురాలు ‘యూరల్’ ఇప్పటికీ అమ్ముడవుతోంది, తయారీ 2022లో కజకిస్తాన్‌కు మారింది. ఇప్పుడు దాని కొన్ని మోడళ్లలో సైడ్‌కారు చక్రాన్నీ ఇంజను తిప్పుతుంది. కానీ డిఫరెన్షియల్ లేదు. గట్టి రోడ్డు తగలగానే, నార్టన్‌లో మాదిరే, లివర్ తీసేయాల్సిందే.