వేటకాని గుఱియు మృగ పరిమాణమును

మృగయ యను సంస్కృత శబ్దమునకు మూలము వెదకుట యను నర్థము గల ధాతువు. వెదకబడునది మృగము, ఆ వెదకుటయే మృగయ. మొదట అడవి జంతువుల కన్నిటికిని చెల్లిన మృగ శబ్దము కాలక్రమమున జింకజాతియందు స్థిరపడినది. సింహమునకు మృగేంద్రుడను పేరు నేటికిని నిలిచియుండుటయే పూర్వార్థమునకు సాక్ష్యము. చంపుటకంటె వెదకుటయే వేటకు ముఖ్యమని మన పూర్వులు తలచిరనుట కీ వ్యుత్పత్తి యొక్కటి చాలును. వెదకువాని కన్ను పొరబడినచో చేయి యెంత నేర్పు గలదైనను నిష్ఫలము. విల్లు చేపట్టిన వేటకానికి కలుగు పొరపాట్లలో మిక్కిలి సూక్ష్మమైనది మృగము యొక్క పరిమాణమును తప్పుగా నెంచుట. ఆ విషయమును మన పెద్దపల్లి ప్రాంతమునకును, మన కులచరిత్రమునకును అన్వయించి విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

ముత్రాసి, తెనుగు, ముదిరాజు అను పేళ్లతో వ్యవహరింపబడు మన కులమునకు వేటయు, చెఱువులందు చేపలు పట్టుటయు, తోటలకును ఊళ్లకును కావలి యుండుటయు పూర్వవృత్తులుగా వచ్చినవి. 1909లో ప్రకటింపబడిన థర్‌స్టన్ దొరగారి ఏడు సంపుటముల గ్రంథమునందును, 1920లో వెలువడిన సయ్యద్ సిరాజుల్ హసన్ గారి నిజాము రాష్ట్ర కులవర్ణన గ్రంథమునందును మన కులమును గూర్చిన ప్రకరణములు కలవు. అవి పరులు వ్రాసినవి. వేటను వృత్తియని పేర్కొనుట తేలిక; ఆ వృత్తిలో నిమిడియున్న జ్ఞానమెట్టిదో వివరించుట వృత్తి చేసినవారి సంతతికే తగిన పని.

ముందుగా ఈ నేలను గూర్చి రెండు మాటలు. 2016 అక్టోబరు 11వ తేదీన ప్రత్యేక జిల్లాగా నేర్పడిన పెద్దపల్లి ప్రాంతమునకు ఉత్తరమున గోదావరి ప్రవహించుచున్నది. మంథని యొద్ద శివ్వారము వన్యప్రాణి రక్షితారణ్యము, బేగంపేట యొద్ద రామగిరి కొండ, వాని చుట్టును టేకు, మద్ది, తునికి చెట్ల యడవి. అనుమకొండ వేయిస్తంభముల గుడియందలి 1163వ సంవత్సరపు రుద్రదేవుని శాసనము, రెండవ ప్రోలరాజు మంత్రకూటాధిపతియైన గుండని జయించిన సంగతి చెప్పుచున్నది. ఆ మంత్రకూటమే మన మంథని. అనగా ఈ యడవుల యంచున రాజ్యములును శాసనములును వెలసి యెనిమిదివందల యేండ్లు దాటినది.

ఈ వైపు అడవులలో వేటకాని కంటబడుచు వచ్చిన మృగములు ఒక్క పరిమాణము గలవి కావు. కణుజు భుజమువరకు నాలుగున్నర అడుగుల యెత్తుండును. పోతు బరువు 200 కిలోలకు మించును. మనుబోతు కూడ ఇంచుమించుగా నంతే. చుక్కల దుప్పి మూడడుగులు. బయళ్లలో తిరుగు కృష్ణజింక రెండున్నర అడుగులకు కొంచెము హెచ్చు. నాలుగు కొమ్ముల కొండగొఱ్ఱె రెండడుగులు మాత్రమే; బరువు 20 కిలోలు. మూషికజింక యెత్తు ఒక్క అడుగు. అమరకోశమునందలి సింహాదివర్గము కృష్ణసారము, రురువు, శంబరము, పృషతము, ఋశ్యము మున్నగు పేళ్లను వేఱువేఱుగా పేర్కొనినది. ఇన్ని పేళ్లుండుట కవుల విలాసము కొఱకు కాదు. పేరు తెలియనివానికి పరిమాణము తెలియదు. పరిమాణము తెలియనివానికి దూరము తెలియదు.

ఇదియే యీ విచారణకు కీలకము. అడవిలో కొలత్రాడు లేదు. మృగ మెంత దూరమున నున్నదో వేటకాడు దాని యాకారము కంటి కెంతగా కనబడుచున్నదో చూచి నిర్ణయించుకొనును. రెండడుగుల కొండగొఱ్ఱె 65 అడుగుల దూరమున నున్నప్పుడు కంటికెంత కనబడునో, మూడడుగుల దుప్పి 97 అడుగుల దూరమున సరిగా నంతే కనబడును. పొదల నడుమ తలయు మెడయు మాత్రమే కానవచ్చు సంజవేళ, కొండగొఱ్ఱెను దుప్పియని భ్రమించిన వేటకాడు, అది 100 అడుగుల దూరమున నున్నదని తలచి అమ్ము కొంచెము మీదికెత్తి విడుచును. నాటువింటి నుండి వెడలిన బాణము సెకనునకు 150 అడుగుల వేగమున పోవుననుకొందము. 100 అడుగులకని యెత్తిన యా బాణము 65 అడుగుల యొద్ద, తగులవలసిన చోటికి ఒకటిన్నర అడుగుల మీదుగా పోవును. అనగా మృగము వీపు మీదుగా దాటి వెనుకనున్న పొదలో పడును. దుప్పి కూనను ఈడేఱిన దుప్పి యని యెంచినను ఫలమిదియే.

దీనికి విపరీతమైన పొరపాటు మఱింత చెడ్డది. 150 అడుగుల దూరమున నున్న కణుజు, 100 అడుగుల దూరమున నున్న దుప్పివలె కనబడును. దుప్పి యనుకొని వేసిన బాణము కణుజును చేరకమున్నే వంగి కాళ్లముందు నేలను తాకును. దూరపు తేడా కొంత తక్కువయైనచో కాలికో పొట్టకో తగిలి, మృగము గాయముతో పరుగిడి దినముల తరబడి బాధపడి చచ్చును. అది వేటకానికి దక్కదు, అడవికిని దక్కదు. పూర్వులు తప్పిన గుఱికంటె చెదరిన గుఱిని ఎక్కువ దోషముగా నెంచుట కిదియే హేతువు.

ఇంకొక సూక్ష్మము కలదు. బాణమునకు 65 అడుగులు దాటుటకు సెకనులో నాలుగు పదవవంతులకు పైగా పట్టును. నారి మ్రోత సెకనునకు 1,100 అడుగుల వేగమున పోవును గనుక మృగ మా చప్పుడును బాణమునకు చాల ముందే వినును. విన్నంతనే ఉఱుకుటకై మొదట కాళ్లు వంచి క్రుంగును. కావున ఇంచుక మీదికి పోవు బాణము పూర్తిగా తప్పిపోవును. తుపాకి పట్టినవానికి ఈ లెక్కలతో అంతగా పనిలేదు. వింటివానికి ఇవియే ప్రాణము.

ఇట్టి భ్రమనుండి తప్పించుకొనుటకు ఉపాయములు లేకపోలేదు. మొదటిది అడుగుజాడ. తడి నేలమీద గిట్ట గుర్తు భ్రమపెట్టదు. కణుజు గిట్ట దుప్పి గిట్టకంటె స్పష్టముగా పెద్దది. చూడకమున్నే జాడచేత పరిమాణ మెఱిగినవానికి చూచిన పిమ్మట మోసము లేదు. రెండవది అవయవముల పొత్తు. కూనకు ముట్టె పొట్టి. ముఖమునకు మించిన చెవులుండును. మూడవది తోడి మృగములతో సరిచూచుట. మందలో నున్న కూన పోల్చుటకు వీలై బయటపడును. ఒంటరిగా నిలిచిన కూనయే పెద్దదిగా తోచును. నాలుగవది చుట్టునున్న వస్తువులను కొలతగా గైకొనుట: తానెఱిగిన పుట్ట, గట్టు, చెట్టు బోదె. వీని యన్నిటికంటె మేలైనది సందేహము కలిగినపుడు అల్లెత్రాటిని మెల్లగా సడలించుట. ఈ చివరి విద్య పుస్తకమున దొఱకదు.

మన కావ్యేతిహాసముల నీ దృష్టితో చదివినచో, వేటకాని పొరపాటు చుట్టును ఎన్ని మహాకథలు నడచినవో తెలియును. శాకుంతల ప్రథమాంకమున దుష్యంతుడు లేడిని తఱుముచు, రథవేగమువలన సన్నగా తోచిన వస్తువు హఠాత్తుగా విపులమగుననియు, దూరదూర భావములు నిలుకడగా తోచవనియు అచ్చెరువందును. పరిమాణము చూపువాని యవస్థను బట్టి మాఱునని కాళిదాసు గుర్తించినాడన్నమాట. ద్వితీయాంకమున సేనాపతి వేటను పొగడుచు, చలించు గుఱిని కొట్టుటయే విలుకానికి శ్రేష్ఠతయనును.

అరణ్యకాండమున మారీచుడు ఒక మాఱు దగ్గఱగను ఒక మాఱు దూరముగను, చెట్లసందుల కనబడియు కనబడకయు రాముని ఈడ్చుకొనిపోవును. రాముడు బాణము తప్పలేదు. కాని మృగమును మృగమని నమ్మి వెంట నడచిన కారణమున సీత దూరమైనది. మన రామగుండము కొండమీది రాముని గుండములు ఆ వనవాస కాలపువని స్థలఐతిహ్యము చెప్పును గనుక, ఈ కథ మనకు పరాయిది కాదు. దశరథుడు సరయూతీరమున చీకటిలో కుండ నిండు చప్పుడు విని ఏనుగని భ్రమించి శబ్దవేధి బాణము విడిచెను. కుండను ఏనుగుగా నెంచుట పరిమాణమునందు ఎంతటి దోషమో చూడుడు. అది చెవి చేసిన పొరపాటు. పాండురాజు జోడుగూడిన జింకలను చూచి ఐదు బాణములు వేసెను. అది మృగరూపమున నున్న కిందమ మహర్షి. అచ్చట గుఱి సరియైనదే, గుర్తింపు తప్పినది.

వీనన్నిటిలో మన విషయమునకు మిక్కిలి దగ్గఱైనది జరుని కథ. శ్రీకృష్ణుడు వనమున విశ్రమించియుండగా, ఆయన పాదమును లేడి ముఖమని భ్రమించి జరుడను బోయ బాణము వేసినట్లు భాగవతము చెప్పుచున్నది. అంగము నొకదానిని చూచి అంగినంతయు ఊహించుట ఈ పొరపాటునకు మూలము. పొదలోనుండి కనబడు భాగమే మొత్తమునకు కొలతగా తీసికొన్నవాడు జరుని త్రోవనే నడచును. దగ్గఱకు వచ్చి చూచి జరుడు పాదములపై బడగా శ్రీకృష్ణుడు వానిని క్షమించి స్వర్గమునకు పంపెను. మన జాతిపెద్దలు ఈ ఘట్టమును వేటకానికి కలిగిన యపకీర్తిగా గాక, కలిగిన యనుగ్రహముగా చదువవలెను.

నీతిశాస్త్రకారులు వేటను గూర్చి ఏకాభిప్రాయము గలవారు కారు. మనువు కామజములైన పది వ్యసనములలో మొదట వేటనే పేర్కొనెను. కౌటిల్యుడు మాత్రము వేటయందు వ్యాయామము కలదనియు, నిలిచిన గుఱిని చలించు గుఱిని కొట్టు నేర్పు కలుగుననియు, మృగముల చిత్తము తెలియుననియు చెప్పి జూదముకంటె మేలనెను. 12వ శతాబ్ది పూర్వార్ధమున కల్యాణీ చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసమునందు వేటను రాజవినోదముగా వర్ణించెను. ఆ చాళుక్యుల యేలుబడి తెలంగాణమున కూడ నుండెను. అయితే రాజు వినోదమునకు వేటాడును. మన పూర్వులు కుడుపునకు వేటాడిరి. రాజు గుఱి తప్పిన నాడు సభలో నవ్వులు; పేదవాని గుఱి తప్పిన నాడు ఇంట పొయ్యి లేదు. గ్రంథములు మొదటివానిని గూర్చియే పుటలకొలది వ్రాసినవి.

రెండవవానిని తలచిన గ్రంథమును కలదు. అది హాలుని పేర వెలసిన ప్రాకృత గాథాసప్తశతి. అందు వేటకాండ్రును వారి యిల్లాండ్రును పెక్కు గాథలలో కనబడుదురు. ఒక గాథలో ఇఱ్ఱియు లేడియు ఒకదానికొకటి యడ్డుపడి బాణమునకు తామే యెదురు నిలువగా, వ్యాధుడు కన్నీట తడిసిన విల్లును జాఱవిడుచును. శాతవాహనుల కాలపు చిహ్నములు మన జిల్లాలోని ధూళికట్ట బౌద్ధస్తూపమునందును, గోదావరి గట్టునున్న కోటిలింగాలయందును బయల్పడినవి. ఆ గాథలోని వ్యాధుడు ఈ చుట్టుపట్ల వాడేయని నిరూపింపలేము గాని, పరాయివాడని త్రోసివేయనక్కఱలేదు.

ఇప్పుడా వేట లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము విల్లుతో నైనను మృగమును చంపుట నేరము. ఉండదగిన చట్టమే యది. అడవియు నానాటికి తగ్గినది. రామగుండము, గోదావరిఖని ప్రాంతములయందు సింగరేణి వారి బొగ్గు గనులు విస్తరించినవి. 1978లో ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. తాత కణుజు జాడ చూచిన చోట మనుమడు బొగ్గు తట్ట చూచినాడు. ఇందు విచారింపవలసినది వృత్తి పోయినందులకు గాదు; వృత్తితో కూడ ఆ కొలత తెలిసిన కన్ను పోవుచున్నందులకు.

ఆ కన్నుతో మన చరిత్రమును మనము చూచుకొనవలసిన యవసరము కలదు. దూరముననున్నదాని పరిమాణ మెన్నుటలో రెండు విధముల పొరపాటు కలదని పైన చూచితిమి. కులచరిత్రములందును ఆ రెండును కలవు. చిన్నదానిని పెద్దదిగా నెంచి అతిదూరమునకు బాణమెత్తుట మొదటిది. పేరు పోలిక యొక్కటే యాధారముగా, తమిళదేశమున 8, 9 శతాబ్దులలో తంజావూరు ప్రాంతమేలిన ముత్తరైయరులు మనవారే యని నిశ్చయించి వ్రాయుట ఇట్టిది. ఆ బంధుత్వము ఉండవచ్చును. కాని వారి శాసనములకును మన యూళ్లకును నడుమ నున్న దూరమును మెట్టుమెట్టుగా కొలువక విడిచిన బాణము వీపుమీదుగా పోవును, పరులు నవ్వుదురు. పెద్దదానిని చిన్నదిగా నెంచుట రెండవది. పరుల గ్రంథములలో మనకు దొఱకిన కొలది పుటలే మన మొత్తమనుకొనుట అంతకంటె హానికరము. 1922లో హైదరాబాదున ముదిరాజ మహాసభను నెలకొల్పిన కొఱివి కృష్ణస్వామి ముదిరాజు గారు ఆ నగర చరిత్రను బొమ్మలతో సహా బృహత్సంపుటములుగా ప్రకటించి, నగరమునకు మేయరు పదవియు నిర్వహించిరి. తమ కులమును తక్కువగా నెంచుకొన్నవారు అట్టి పనికి పూనుకొనజాలరు.

కావున ఈ మహాసభకు వచ్చిన సోదరులకు నా మనవి యొక్కటే. ఇండ్లలో అటకలమీద పాత విండ్లు, బాణపు ములుకులు, వేటవలలు ఏవైన మిగిలియున్నచో వానిని చెదలపాలు గానీయక భద్రపఱుపుడు. ఎనుబదియేండ్లు దాటిన పెద్దల నోట జాడలకును, మృగములకును, చెట్లకును, మాటులకును గల పేళ్లను విని, ఊరి పేరుతో, చెప్పినవారి వయస్సుతో వ్రాసి యుంచుడు. తాతలు కావలి కాచిన చెఱువుల యినాము కాగితములు, తోటల గుత్త పత్రములు వెదకుడు. ఇవియే మన గిట్ట గుర్తులు. జాడ చూచి పరిమాణము నిర్ణయించుట మన పూర్వుల విద్య. పొదలో కదలినదానినెల్ల చూచి బాణము విడుచుట కాదు. వెదకుటయే మృగయ యని మొదట చెప్పితిని. ఆ యర్థమున వేట మనకు నేటికిని నిషిద్ధము గాదు, అత్యవసరము.

స్వస్తి.