జీర్ణోద్ధరణ: కూలిన గోపురం చెప్పే చరిత్ర

2010 మే 26వ తేదీ రాత్రి శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయల గాలిగోపురం కూలిపోయింది. 1516లో కట్టించిన గోపురం అది. ఏడు అంతస్తులు, సుమారు 136 అడుగుల ఎత్తు. దాదాపు ఐదు శతాబ్దాలు నిలిచినది కొన్ని క్షణాల్లో రాళ్ళకుప్ప అయింది. పగుళ్ళు ముందే కనిపించాయి. ఆఖరి రోజుల్లో అవి వెడల్పు కాగా చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు. ఆ జాగ్రత్త వల్ల పెద్ద ప్రాణనష్టం తప్పింది. 2017లో అదే చోట దాతల సొమ్ముతో కట్టిన కొత్త రాజగోపురానికి కుంభాభిషేకం జరిగింది.

జనాన్ని తప్పించడానికి చాలినంత ముందుగా పగులును చూడగలిగిన మనం, గోపురాన్ని నిలబెట్టడానికి చాలినంత ముందుగా ఎందుకు చూడలేకపోయాం? ఈ ప్రశ్న ఒక్క కాళహస్తికి చెందినది కాదు. దేశంలో ప్రతి పాత కట్టడానికీ చెందినది. దీన్ని ఇంజనీర్లకు వదిలేసి ఊరుకోవడం చరిత్ర పాఠకుల పని కాదని నా మనవి.

మొదట గోపురమంటే ఏమిటో చూద్దాం. విజయనగర కాలపు గోపురంలో కింది భాగం నల్లరాయి. అధిష్ఠానం నుంచి కపోతం దాకా రాతిమీద రాయి పేర్చి కట్టినది. ఆ పైన లేచే అంతస్తులన్నీ ఇటుక, సున్నం. పై అంతస్తులకు పోయేకొద్దీ కట్టడం సన్నబడుతుంది, బరువు తగ్గుతుంది. బొమ్మలన్నీ గచ్చుతో చేసినవి. ఆ సున్నం నేటి సిమెంటు వంటిది కాదు. గానుగలో నూరి, కరక్కాయ నీళ్ళూ బెల్లపు నీళ్ళూ కలిపి పదును చేసిన సున్నం. అది గట్టిపడడానికి కాలం పడుతుంది. గోడలోకి దిగిన తేమను తిరిగి బయటికి పోనిస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచి ఇటుకను తినేస్తుంది. పక్షి వేసిన రావి గింజ ఇటుక సందులో మొలిచిందంటే, ఆ వేరు పదేళ్ళలో గోడను చీలుస్తుంది. ఇదంతా పెద్ద శాస్త్రమేమీ కాదు. సున్నపు పని తెలిసిన ప్రతి ముసలి మేస్త్రీకీ తెలిసిన సంగతే.

ఇంతటి కట్టడాన్ని ఎవరు కట్టారు? శాసనం కృష్ణదేవరాయలు కట్టించాడని చెబుతుంది. కట్టించినవాడు ఆయనే, సందేహం లేదు. కాని రాయి పగలగొట్టినవారు, దానిని మోకులతో లాగినవారు, సున్నం కాల్చినవారు, సారువ ఎక్కి గచ్చు బొమ్మకు కన్ను దిద్దినవారు శాసనానికి ఎక్కలేదు. ఆ ఖర్చుకు పన్ను కట్టిన రైతు అసలే ఎక్కలేదు. ఇదే కాళహస్తిని ఆశ్రయించిన ధూర్జటి రాజసేవను ఈసడించి శతకం చెప్పాడు. ఆ శతకాన్ని మన విద్యార్థులు నేటికీ చదువుతున్నారు. కవి తన కోపాన్ని పద్యంలో దాచుకోగలిగాడు. వడ్డెవాడికి పద్యం లేదు. వాడి ఉలిదెబ్బ ఒక్కటే వాడి సంతకం. కనుక పాత రాయిని చెక్కివేయడమంటే ఒక రాజు కీర్తిని చెరపడం మాత్రమే కాదు, పేరులేని పనివాడి సంతకాన్ని కూడా చెరపడం.

మరొక మాట. 1939లోనూ 1947లోనూ మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టాలు వచ్చేదాకా, దళితులకు పెద్ద గుడులలో అడుగు పెట్టే హక్కు లేదు. గర్భగుడిలోని దేవుడు వారికి కనబడడు. వారికి దక్కినది దూరం నుంచి చేసే గోపుర దర్శనమే. వెలివాడ నుంచి కనిపించేటంత ఎత్తున లేచినది గనుక గోపురం వారికి గుడి అయింది. గుడిలో ఉన్నవన్నీ కొందరివి. గోపురం ఒక్కటే అందరి కంటికీ చెందినది. ఇందులో అన్యాయం ఉంది, ఆ అన్యాయానికి సాక్ష్యమూ ఉంది. సాక్ష్యాన్ని పోగొట్టుకుంటే అన్యాయం మాసిపోదు, మన జ్ఞాపకం మాత్రం మాసిపోతుంది.

పాత కట్టడాన్ని బాగుచేయడమా, కొత్తది చేయడమా అన్న ఈ తగవు మనకే వచ్చినది కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండులో ఇది పెద్ద వివాదంగా నడిచింది. అక్కడ ప్రతి పల్లెకూ మధ్యయుగాలనాటి చర్చి ఒకటి ఉండేది. దాని పోషణకు ఒక పాత ఏర్పాటు ఉన్నది: పూజాపీఠం ఉండే తూర్పు భాగాన్ని మతాధికారి బాగుచేయించుకోవాలి, జనం కూర్చునే హాలును ఊరివారు బాగుచేయించుకోవాలి. కట్టడం ఎవరిదన్న ప్రశ్నకు జవాబు ఆ ఏర్పాటులోనే ఉంది. ఒక్కొక్క తరం తన శక్తి కొద్దీ ఒక కిటికీ, ఒక నడవ, ఒక శిఖరం చేర్చింది. అలా పెరిగిన చర్చిని చూస్తే ఊరి చరిత్ర పొరలు పొరలుగా కనిపించేది. 1840 నుంచి 1875 దాకా అటువంటి చర్చిలను ఏడు వేలకు పైగా "పునరుద్ధరించారు". పాత గచ్చు గీకివేసి, తరువాతి కాలపు చేర్పులను తొలగించి, ఒకానొక "అసలు" శైలి ఇదేనని ఊహించి, ఆ ఊహ ప్రకారం కొత్తరాతితో కట్టారు.

దీనిని ఎదిరించినవారిలో ముఖ్యుడు విలియం మారిస్. కవి, చేతిపనివాడు, తరువాతి కాలంలో ఇంగ్లండు సోషలిస్టు ఉద్యమానికి నాయకుడు. 1876లో ఆక్స్‌ఫర్డ్‌షైరులోని బర్‌ఫర్డు చర్చిలో జరుగుతున్న పనిని చూసి ఆయన మండిపడ్డాడు. ఆ పనికి వాస్తుశిల్పి జి. ఇ. స్ట్రీట్. యౌవనంలో మారిస్ శిష్యరికం చేసినది ఈయన వద్దనే! అభ్యంతరం చెప్పిన మారిస్‌కు, చర్చి తనదనీ, తలచుకుంటే అందులో తలకిందులుగా నిలబడతాననీ అక్కడి ఫాదరీ జవాబిచ్చాడని చెబుతారు. మరుసటి యేడు, 1877లో, మారిస్ పాత కట్టడాల రక్షణ సంఘాన్ని స్థాపించాడు. దాని సిద్ధాంతం సులువైనది. కారే కప్పును వెంటనే మూయండి, ఒరిగే గోడకు ఊత పెట్టండి, రోజువారీ సంరక్షణతో శిథిలతను ఆపండి. లేని పాతదనాన్ని కొత్తగా తయారు చేయకండి.

బర్‌ఫర్డులో ఏమి పోగలదో తెలుసుకోవాలంటే ఒక చిన్న గుర్తును చూడాలి. 1649 మే నెలలో, సమానత్వవాదులైన లెవెలర్ల పక్షం వహించి తిరగబడిన సైనికులను క్రామ్‌వెల్ అణచివేసి, మూడువందలకు పైగా మందిని ఈ చర్చిలో బంధించాడు. వారిలో ముగ్గురిని చర్చి ఆవరణలో కాల్చి చంపారు. బందీలలో ఆంథొనీ సెడ్లీ అనేవాడు జ్ఞానస్నానపు తొట్టి సీసపు రేకు మీద తన పేరూ, సంవత్సరమూ, తాను ఖైదీనన్న మాటా చెక్కుకున్నాడు. ఆ గీతలు నేటికీ ఉన్నాయి. శుభ్రత కోసం పాత సీసాన్ని తీసి కొత్తది వేయాలని ఎవరైనా అనుకొని ఉంటే, ఇంగ్లండు ప్రజల పోరాటానికి చెందిన ఒక అపురూపమైన సాక్ష్యం పాతసామాను అంగడికి పోయేది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అది న్యాయమైనది కూడా. మన దేవాలయాలు వస్తుప్రదర్శనశాలలు కావు, జనం నిత్యం వచ్చే చోట్లు. జీర్ణోద్ధరణ మన సంప్రదాయంలోనే ఉంది. చోళులు కట్టిన గుడికి విజయనగర రాజులు మండపాలు చేర్చారు, వారి మండపాలకు తరువాతివారు మరమ్మతులు చేశారు. మరి మన కాలం మాత్రం ఎందుకు చేతులు ముడుచుకోవాలి? కూలిన గోపురం స్థానంలో భక్తులకు గోపురం వద్దా?

వద్దని నేననను. కూలిన తరువాత కట్టక తప్పదు. నా ఆక్షేపణ కూలనివ్వడం మీద. అయితే సంప్రదాయాన్ని సాక్ష్యానికి పిలిచినవారు దాని వాఙ్మూలం పూర్తిగా వినాలి. మన దానశాసనాలు చాలావాటి చివర కొన్ని సంస్కృత శ్లోకాలు ఉంటాయి. వాటి సారాంశం ఇది: దానం చేయడం కన్న దానాన్ని పాలించడం మేలు, తానిచ్చినదాని కన్న ఇతరులిచ్చినదానిని కాపాడితే పుణ్యం రెండింతలు. శాసనం వెంట శాసనం ఈ మాటను చెక్కించుకున్నది. ఎందుకు? పాలన జరగడం లేదని వారికీ తెలుసు గనుక. కొత్తది ఇచ్చినవాడికి శిలాఫలకం వస్తుంది. ముందటివాడి గోడ మీది రావిమొక్కను పీకినవాడికి ఏదీ రాదు. రాజులనాడూ ఇంతే, నేడూ ఇంతే. కోట్లు పెట్టి కొత్త గోపురం ఎత్తడానికి దాతలు దొరుకుతారు. ఏటేటా పగులు కొలిచి, సున్నం నింపి, వాననీరు పోయే తూము శుభ్రం చేసే మనిషికి జీతమివ్వడానికి పద్దు దొరకదు.

పాతదానిని పాతదిగానే నిలపడం అసాధ్యమనుకోనక్కరలేదు. హనుమకొండ వేయిస్తంభాల గుడి 1163 నాటిది. నేల కుంగి వంగిపోయిన దాని కల్యాణమండపాన్ని 2006లో పురావస్తు శాఖ విప్పింది. రాళ్ళకు గుర్తులు వేసి, కొత్త పునాది తీసి, పగిలినవాటికి మాత్రమే కొత్తరాళ్ళు చెక్కించి, తిరిగి నిలిపారు. 2024 మార్చిలో మండపం జనానికి తెరుచుకున్నది. పద్ధెనిమిదేళ్ళు పట్టింది. ఆలస్యాన్ని తిట్టుకున్నవారిలో నేనూ ఉన్నాను. అయినా అక్కడ ఈనాడు నిలబడి ఉన్నవాటిలో ఎక్కువ భాగం కాకతీయుల నాటి పనివారు చెక్కిన రాళ్ళే. మండపాన్ని విప్పవచ్చు, గుర్తులు వేసి మళ్ళీ పేర్చవచ్చు. కూలి తుక్కయిన ఇటుక గోపురాన్ని మళ్ళీ పేర్చే విద్య లేదు. అందుకే దానికి ముందుచూపు మరింత అవసరం.

ఇక మా వైపు సంగతి. మాది సదుం. మదనపల్లెకు పైన ములకలచెరువు దగ్గర సోంపాళెంలో విజయనగర కాలపు చెన్నకేశవాలయం ఉంది. దాని మండపం కప్పు మీద ఆనాటి రంగుల బొమ్మలు ఉన్నాయి. పల్లెవారు చూసి మురిసిన రంగులు అవి. కప్పులో నీరు దిగితే మొదట పోయేవి అవే. అటువంటి పేరుపడిన గుడుల మాట కనీసం పుస్తకాల్లో ఉంది. పేరులేని గుడుల గతి ఏమిటి?

మా సదుం పరిసరాలలో ఒక పల్లె గుడి ఉంది. ముఖమండపం గోడలో ఒక శాసనపు రాయి ఉండేది. చిన్నప్పుడు ఆ అక్షరాల గుంటల్లో వేలు పెట్టి తడుముతూ ఆడుకున్నాను. ఎం.ఏ.లో పాత లిపి కొంత నేర్చుకున్న తరువాత, దాని అచ్చు తీద్దామని కాగితమూ మసీ పట్టుకొని వెళ్ళాను. గోడ పొడుగునా మెరిసే పలకలు అతికించి ఉన్నాయి. స్తంభాలకు నూనె రంగు వేశారు. శాసనం ఏదని అడిగితే, పక్కనున్న పెద్దాయన సంతోషంగానే చెప్పాడు: "రాయి యాడికి పోతాది సామీ, పలకల ఎనకనే ఉండాది. ఇప్పుడు చూడు, గుడి అద్దం మాదిరి ఉండాది."

ఆయనను తప్పుపట్టలేకపోయాను. ఊరంతా చందాలు వేసుకున్నారు. కూలికి పోయేవాళ్ళు కూడా తలా కొంత ఇచ్చారు. గుడి తమదన్న ప్రేమతోనే ఇచ్చారు. ఆ రాతి మీద ఉన్నది తమ ఊరి మాట అని వారికి ఎవరూ చదివి చెప్పలేదు. చదవడం నేర్చినవాడిని నేను. నాలుగేళ్ళు ఆలస్యంగా వెళ్ళాను. కాళహస్తి పగులును సకాలంలో పట్టించుకోలేదని ఇంతసేపు ఆక్షేపించిన నాకు ఈ లెక్క కూడా చెప్పుకోక తప్పదు.

ఎందుకంటే బాధ్యతలో మన వాటా అది. దేవాదాయ శాఖ, పురావస్తు శాఖ చేయవలసినవి చేయాలి. సున్నపు పని తెలిసిన మేస్త్రీలను పోషించాలి, ఏటేటా తనిఖీ జరపాలి, మరమ్మతు లెక్కలు ఊరివారి ముందు పెట్టాలి. కాని పాత రాయిని జనానికి చదివి చెప్పడం పండితుల పని, రచయితల పని, కళాశాలల పని. తమదని ఎరిగినదానిని జనం కాపాడుకుంటారు. ఎరగనిదానిని పలకలతో కప్పుతారు. ఆ పలకలూ ప్రేమతోనే అతికిస్తారు.

ఈ వేసవి సెలవుల్లో నా విద్యార్థులు పన్నెండుమంది, మండలంలోని పాత గుడుల శాసనాల పట్టిక ఒకటి తయారు చేయడానికి ఒప్పుకున్నారు. పలకల గుడి పెద్దాయన కూడా ఒక మాట ఇచ్చాడు. రాయి ఎక్కడుందో ఆయనకు గుర్తుందట. ఊరివారు ఒప్పుకుంటే ఆ మేరకు నాలుగు పలకలు తీయిస్తానన్నాడు.