పాము కోరలో దొరికిన చుట్టరికం

నరాలను పెంచే పదార్థం పాము విషంలో దండిగా ఉంటుందట. ఆ వాక్యం రెండుసార్లు చదివి, కథ తవ్వుకుంటూ పోయాను.

1956లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో స్టాన్లీ కోహెన్ ఎలుక కణితి సారంతో కోడిపిండం నరాల ముడులను పెంచుతున్నాడు. సారంలోని న్యూక్లిక్ ఆమ్లాన్ని విరగ్గొడదామని కాస్త పాము విషం కలిపాడు. పెరుగుదల ఆగాల్సిందిపోయి ముడి చుట్టూ నరాల పోగులు ఒత్తుగా విచ్చుకున్నాయి. విషగ్రంథి లాలాజల గ్రంథికి తోబుట్టువే కదా అని మగ ఎలుకల దవడ కింద వెతికితే, అదే పదార్థం అక్కడా పుష్కలంగా దొరికింది.

అసలు మొదలు ఇటలీలో, రీటా లెవి మోంటాల్చీని అనే యూదు పరిశోధకురాలి పడకగదిలో. 1938 చట్టాలు యూదులను యూనివర్సిటీల నుంచి గెంటేస్తే ఆమె కోడిపిండాలను కోసి నరాలు చూసేందుకు కుట్టుసూదులు సానబట్టి కత్తులు చేసుకుంది. ట్యూరిన్ మీద బాంబులు పడుతుంటే పల్లెకు మకాం మార్చి, పిల్లలకు బలమని బొంకి రైతుల దగ్గర గుడ్లు అడిగేది. పిండం తీసుకోగా మిగిలిన సొనతో ఆమ్లెట్! సంగతి కనిపెట్టాక అన్న గీనో మళ్లీ ముట్టలేదట. ఇలాంటి పెరుగుదల పదార్థాలను కనిపెట్టినందుకు 1986లో ఆమెకూ కోహెన్‌కూ నోబెల్ వచ్చింది.

1957లో అదే సెయింట్ లూయిస్‌లో సాల్మన్, డాగడే ఎలుక మృదులాస్థిని పెంచే మరో పదార్థాన్ని పట్టారు. తర్వాత దానికి ఐజీఎఫ్, అంటే ఇన్సులిన్‌ను పోలిన గ్రోత్ ఫ్యాక్టర్ అని పేరు స్థిరపడింది. 1972లో ఒక బృందం కోహెన్ పదార్థం కూడా ఇన్సులిన్‌కు రక్తసంబంధే అంది. 1991లో దాని ఆకృతి బయటపడ్డాక ఆ చుట్టరికం చెల్లలేదు. అంత అందమైన ఊహ పోయిందే అని నాకిప్పటికీ బెంగే.

ఐజీఎఫ్ చుట్టరికం మాత్రం నిజం. కణం తలుపు దగ్గర ఇన్సులిన్ అయినా ఐజీఎఫ్ అయినా కబురందించేది ఐఆర్‌ఎస్-1 అనే ప్రొటీన్ చేతికే. ఇన్సులిన్ రెసిస్టెన్స్‌లో దాని ఒంటిమీద పడకూడని చోట ఫాస్ఫేట్లు అంటుకుని కబురు నడిమధ్యలో ఆగుతుంది. నరాలను పెంచేవి వేరే తలుపులోంచి వచ్చినా, లోపల ఆక్ట్ అనే మలుపు దగ్గర ఈ దారిలోనే కలుస్తాయి.

ఈ కబురు మెదడులోనూ ఆగుతుందా అని 2012లో అల్జీమర్స్‌తో పోయినవారి మెదడులోని హిప్పోక్యాంపస్ ముక్కలకు ఇన్సులిన్ తగిలించి చూశారు. బతికుండగా షుగర్ లేనివాళ్లవే అయినా ఆ ముక్కలు సరిగా పలకలేదు. ఐజీఎఫ్-1 తగిలించినా అంతే. జబ్బుకు ఇది కారణమా, జబ్బు వల్ల వచ్చిందా అన్న తగవు ఇంకా నడుస్తూనే ఉంది.