వెతికిందెవరు?

సువార్త అందని జనాన్ని వెతుక్కుంటూ సముద్రాలు దాటి వచ్చిన మిషనరీ, ఆ జనమే గుంపులు గుంపులుగా వచ్చి బాప్తిస్మం ఇమ్మని అడిగితే పదిహేను నెలలపాటు ససేమిరా అన్నాడు. ఒంగోలులో ధాత కరువు నాటి మాట ఇది. ఆ మిషనరీ అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ. బాప్తిస్మాలు ఆపి ఆయన చేపట్టిన పని ఇంకా విడ్డూరం: బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకానికి కంట్రాక్టు తీసుకున్నాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, ఒంగోలుకు పది మైళ్ల దూరంలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మిషన్ పుస్తకాలన్నీ ఈ అంకెను పండగలా చెప్పుకుంటాయి. అంకె గొప్పదే, కాదనను. కాని అంకె కంటే ఆ పదిహేను నెలల నిరాకరణే నాకు ఎక్కువ చెబుతుంది. తెలుగునాట క్రైస్తవం వ్యాపించిన కథలో వెతికినవాడు దొర, దొరికినవాళ్లు పల్లెజనం అన్న చిత్రం తలకిందులుగా ఉంది. మాదిగపల్లెలూ మాలపల్లెలూనే దొరను వెతికి పట్టుకున్నాయి.

అంతకు ముందు శతాబ్దంన్నర చరిత్ర చూస్తే ఇది స్పష్టపడుతుంది. ఆ కాలమంతా వెతుకులాట పై కులాల గడపల చుట్టూనే సాగింది. 18వ శతాబ్దంలో జెస్యూట్ గురువుల ప్రభావంతో మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనం’ అనే క్రైస్తవ ప్రబంధం రాశాడు. మద్రాసులో బెంజమిన్ షుల్జ్ బైబిలును తెలుగులోకి తెచ్చాడు. అది అచ్చు మొహం చూడలేదు. 1805లో లండన్ మిషన్ వాళ్లు విశాఖపట్నంలో దిగారు. 1841లో మచిలీపట్నం వచ్చిన రాబర్ట్ నోబుల్ పై కులాల పిల్లలకు బడి పెట్టి, అందులో మాలపిల్లలను చేర్చుకోలేదు. పైవాళ్లు మారితే కిందివాళ్లు వాళ్లే వస్తారని లెక్క. పదేళ్లు దాటాక, 1852లో, ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకుంటే ఊరు భగ్గుమంది, బడి ఖాళీ అయింది. లెక్క తప్పిందని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అమెరికన్ బాప్టిస్టుల పరిస్థితి మరీ దీనం. శామ్యూల్ డే 1836లో వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా వేళ్లమీద లెక్కపెట్టగలిగినంత మందే చేరారు. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సంఘ సమావేశంలో నెల్లూరును ఎత్తేద్దామా అన్న చర్చ వచ్చింది. గోడ మీది పటంలో మిషన్ కేంద్రాలకు నక్షత్రపు గుర్తులున్నాయి. నెల్లూరు చుక్క విడిగా ఒంటరిగా ఉంది. ‘ఒంటరి చుక్క’ అన్న మాట అక్కడే పుట్టింది. అమెరికా దేశభక్తి గీతం రాసిన శామ్యూల్ స్మిత్ ఆ రాత్రే దాని మీద పద్యం రాశాడు. చుక్క నిలిచింది, అదీ ఓ పద్యం పుణ్యమా అని! 1862లో మళ్లీ అదే చర్చ. ఈసారి నెల్లూరు మిషనరీ లైమన్ జూయెట్ అడ్డం పడి, మీరు పంపినా పంపకపోయినా నేను తిరిగి వెళ్లి అక్కడే చస్తానన్నంత పట్టుదల చూపాడు. ఆయన వెంట వచ్చినవాడే క్లౌ. అమెరికాలో సర్వేయరుగా చేసినవాడు కాబట్టే తర్వాత కాలువ కొలతలు చేతనయ్యాయి.

ఇక అసలు మనిషి దగ్గరికి వద్దాం. యెర్రగుంట్ల పేరయ్యది ఒంగోలుకు పడమర తాళ్లకొండపాడు. మాదిగ, తోళ్ల వ్యాపారి. వీరమ్మ అనే గురువమ్మ దగ్గర రాజయోగం అభ్యసించాడు. మాదిగవాడకు దేవుడి ఊసే తెలియదనుకునేవాళ్లు ఈ ఒక్క వాక్యం దగ్గర ఆగాలి. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో మాదిగ కక్కయ్య ఉన్నాడని సంప్రదాయం చెబుతుంది. ఆ దారులన్నీ పల్లెల్లో తిరుగుతూనే ఉన్నాయి. పేరయ్య తోళ్ల బేరానికి ఉత్తరాన ఏలూరు దాకా వెళ్లి, అక్కడ అలెగ్జాండర్ అనే ఆంగ్లికన్ మిషనరీ బోధ విన్నాడు. ఊరికి తిరిగొచ్చి, దగ్గర్లో అలాంటి దొర ఎక్కడున్నాడా అని వాకబు చేశాడు. 1866లో పేరయ్యకూ, ఆయన భార్య నాగమ్మకూ బాప్తిస్మం అయింది. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి పేరయ్య బంధుజనం చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి కాచుకుని ఉన్నారు; 28 మంది బాప్తిస్మం పొందారు. దొర రాకముందే మాట చుట్టరికాల వెంట ఊరూరా పాకిపోయింది. కృష్ణకు అవతల రాఘవాపురం పగోలు వెంకయ్య కథా ఇదే. ఆ మాల పెద్ద సత్యమేదని తనంతట తానే ఆరా తీసుకుంటూ వెళ్లి, బెజవాడలో డార్లింగ్ దొరను కలిసి, 1859లో క్రైస్తవుడయ్యాడు.

క్లౌకు మాదిగల ఈ రాక సంతోషంతోపాటు సంకటం కూడా. ఒంగోలు బ్రాహ్మణులు అప్పటిదాకా ఆయన మాట మర్యాదగా వింటున్నారు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని తేల్చేశారు. ఆయన ఒక గదిలో, భార్య హారియెట్ మరో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం, లోకం నీచంగా చూసేవారిని దేవుడు ఎన్నుకున్నాడనే చోటు, కనిపించిందని ఆయన చెప్పుకున్నాడు. దైవనిర్ణయమో, కాకతాళీయమో పాఠకుల ఇష్టం. చరిత్ర వైపు నుంచి చూస్తే ఆ నిర్ణయం తాళ్లకొండపాడులో ముందే జరిగిపోయింది. క్లౌ దానికి తల ఒగ్గాడు.

జనమే వెతుక్కుంటూ వచ్చారన్న మాటకు పాత ఆక్షేపణ ఒకటుంది: వాళ్లు గంజి కోసం కలిశారని. కొట్టిపారేయదగ్గ మాట కాదు. క్లౌకే ఆ భయం ఉంది, బాప్తిస్మాలు ఆపింది అందుకే. కాలువ పనిలో ఆయన ప్రచారకులే మేస్త్రీలు. ఒక్కొక్కరి కింద వంద మంది దాకా. తవ్వి, మట్టి మోసి, అలసి కూర్చున్నప్పుడు మేస్త్రీ నోట యేసు కథ వినేవారు. కూలి ఇచ్చే చెయ్యీ బోధించే నోరూ ఒకరివే అయినప్పుడు రెంటినీ విడదీయడం ఎవరితరం? అయినా రెండు సంగతులు ఆక్షేపణకు అడ్డం నిలుస్తాయి. ఒకటి, కరువు ముదరకముందే ఒంగోలు సంఘంలో మూడు వేల మందికి పైగా ఉన్నారు. రెండు, తలుపు తెరిచింది సాయం ఆగిపోయాక. ఇక ఇవ్వడానికేమీ లేదు, ఇళ్లకు పొమ్మని వెల్లంపల్లిలో చెబితే, వాళ్లు కాలువ తవ్వి బొబ్బలెక్కిన చేతులు చూపించి, అడిగేది డబ్బు కాదన్నారని క్లౌ ఆత్మకథలో ఉంది. జూలై 3న నీళ్లలో దిగి బాప్తిస్మాలిచ్చింది కూడా ఆరుగురు తెలుగు ప్రచారకులు, ఒకేసారి ఇద్దరు చొప్పున. పొద్దున్నా మధ్యాహ్నమూ కలిపి తొమ్మిది గంటలు. దొర గట్టున ఉన్నాడు. ఆ ఏడాది చివరికి బాప్తిస్మాల మొత్తం తొమ్మిది వేలు దాటింది.

మరి పోయిందేమిటి? చేరేవాళ్లకు క్లౌ పెట్టిన షరతులు మూడే: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. మూడింటికి మూడూ వెట్టికి గొడ్డలిపెట్టు. ఊరి జాతరకు తప్పెట కొట్టనన్న మాదిగకు ఊరి బావి మూసుకుపోయింది, కరణం మునసబుల కక్ష మొదలైంది. దాన్ని తట్టుకోవడం చిన్న తెగువ కాదు. కాని అదే దెబ్బకు మాతంగి కూడా పోయింది. జాతరలో మాదిగ స్త్రీ పూనకంతో ఆడుతూ, అగ్రవర్ణాల వాళ్ల మీద కల్లు ఉమ్మి, నోటికొచ్చిన తిట్లు తిడితే వాళ్లు పవిత్రమైనట్టు భావించి ఊరుకునేవారు. ఏడాదికోసారైనా లోకం తిరగబడే ఆ గడియను మిషన్ విగ్రహారాధన కింద జమకట్టింది. ఆ కథలను భద్రంగా రాసిపెట్టింది మళ్లీ మిషన్ మనిషే, క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్, 1899 నాటి పుస్తకంలో. తుడిచినవాళ్లే రాసుకోవడం నాకు మింగుడుపడదు. ఆమె కూడా రాయకపోతే మనకు ఆ కాస్తా మిగలదన్నదీ నిజమే.

ఆ తర్వాతి కథ వేగంగా సాగుతుంది. తిరునల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో సొంత మిషనరీ సంఘం పెట్టుకుని, నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతాన్ని ఎంచుకున్నారు. అక్కడికి వచ్చి తెలుగు నేర్చిన అజరయ్య 1912లో ఆంగ్లికన్ చర్చికి తొలి భారతీయ బిషప్పయ్యాడు. ఆయన హయాంలోనూ జనం పల్లెలు పల్లెలుగానే కదిలారు. ప్రపంచ సువార్త ప్రచారం మీద 1974లో జరిగిన లోజాన్ మహాసభ తర్వాత సువార్త అందని జాతుల జాబితాలు కట్టడం పెద్ద విద్యగా మారింది. ఆ జాబితాల్లో జనం ఎప్పుడూ కర్మణిలోనే ఉంటారు. పేరయ్య లాంటి కర్తకు గడి లేదు. అందుకే వాటిమీద నాకు గురి లేదు.

లాభానికే మారారనేవాళ్లు చట్టం కూడా ఒకసారి చూడాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవం పుచ్చుకున్న మాల మాదిగలు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి కిందికి వస్తారు. ఆ వర్గానికి కేటాయించిన వాటా ఒక్క శాతం.