చర్మం కింది సొరంగం

కీమోకో డయాలసిస్‌కో రాయవేలూరుకో బెంగళూరుకో వెళ్లిన తమిళనాడులోని ధర్మపురి జిల్లా రోగి కొన్నాళ్లకు ఛాతీమీద సన్నని గొట్టంతో ఇంటికొస్తాడు. ‘మెడలో పైపు వేశారు’ అంటారు ఇంట్లోవాళ్లు. వైద్యులు దాన్ని హిక్‌మన్ లైన్ అనో పర్మ్‌క్యాత్ అనో అంటారు. ఈ గొట్టం కథను 1929తో మొదలుపెట్టడం అలవాటు. జర్మనీలోని ఎబర్స్‌వాల్డేలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువ వైద్యుడు తన చేతి రక్తనాళంలోంచి గుండెదాకా గొట్టం దూర్చుకుని, ఎక్స్‌రే గదికి నడిచివెళ్లాడు. 1956లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కానీ గుండెదాకా చేరడం ఒక ఎత్తు, అక్కడ నెలల తరబడి నిలవడం మరో ఎత్తు. వైద్యాన్ని ఆసుపత్రి మంచం మీంచి ఇంటికి తెచ్చింది ఈ రెండోదే. అందుకే ఈ గొట్టం మంచిచెడ్డలు దాన్ని అమర్చిన చేతుల్లో కన్నా, సొంత జిల్లాలో దాని కట్టు మార్చే చేతుల్లోనే ఎక్కువగా తేలతాయని నా వాదన.

దీర్ఘకాలం మందు ఎక్కించాల్సిన అవసరం ఎలా వచ్చిందో చూస్తే ఒక కొస మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు దగ్గర తేలుతుంది. ఆయన నాయకత్వంలో లెడర్లీ మందుల సంస్థలో తయారైన అమినోప్టెరిన్ అనే మందుతో సిడ్నీ ఫార్బర్ అనే అమెరికా వైద్యుడు 1948లో పిల్లల లుకేమియాను తాత్కాలికంగా అదుపు చేసి చూపించాడు. అక్కణ్నుంచి కీమో చికిత్సలు పెరిగాయి, నెలలూ ఏళ్లూ సాగాయి. ఘాటైన ఆ మందులకు చేతి నరాలు గట్టిపడి, సూదికి దొరక్కుండా పోయేవి. దారి మాత్రం అమెరికాలోని సియాటిల్ నుంచి, అదీ మూత్రపిండాల వైద్యుల నుంచి వచ్చింది. 1960లో డయాలసిస్‌కు ధమనినీ సిరనూ గొట్టంతో కలిపే శాశ్వత షంట్ అమర్చిన బెల్డింగ్ స్క్రిబ్నర్ బృందమే, పేగులు పనిచేయని రోగులు రాత్రిపూట ఇంట్లోనే రక్తనాళం ద్వారా ఆహారం ఎక్కించుకునేలా 1973లో బ్రోవియాక్ గొట్టాన్ని ప్రకటించింది. దాని లోపలి వ్యాసం ఒక మిల్లీమీటరు. ఎముక మజ్జ మార్పిడి రోగుల కోసం రాబర్ట్ హిక్‌మన్ 1979లో దాన్ని 1.6 మిల్లీమీటర్లకు పెంచాడు.

ఇందులో కిటుకంతా చర్మం కిందే ఉంది. గొట్టం మెడ దగ్గర సిరలోకి దిగుతుంది, కానీ బయటికొచ్చేది అక్కడ కాదు. చర్మం కింద కొంత దూరం సొరంగంలా సాగి ఛాతీమీద తేలుతుంది. సొరంగంలో ఉన్న భాగానికి డాక్రాన్ అనే బట్టతో చేసిన చిన్న పట్టీ చుట్టి ఉంటుంది. రెండు మూడు వారాల్లో దాని పోగుల్లోకి శరీర కణజాలం అల్లుకుని, నాటిన నారు వేరు పట్టినట్టు గొట్టాన్ని పట్టేస్తుంది. ఇక అది జారిరాదు, చర్మం మీది క్రిములకూ ఆ దారి మూసుకుంటుంది. అయితే గొట్టం లోపలి దారి మూసుకోదు. మూత విప్పిన ప్రతిసారీ అది తెరుచుకునేదే. ఇక్కడ కాపాడేది శుభ్రమైన చెయ్యి ఒక్కటే.

మట్టి ఇళ్లు, దుమ్ము, బోరు నీళ్లు ఉన్న పల్లెలకు గుండెదాకా వెళ్లే గొట్టాన్ని పంపడం ప్రమాదం కాదా అని అడగొచ్చు. ప్రమాదమే. రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ ఎక్కితే ప్రాణమే పోవచ్చు. కానీ ఆ ప్రమాదానికి పల్లెను తప్పుపట్టడం సరికాదు. అమెరికాలోని మిషిగన్‌లో నూరుకు పైగా ఐసీయూల్లో చేతులు కడుక్కోవడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం శుభ్రం చేయడం, అక్కర్లేని గొట్టం తీసేయడం వంటి మామూలు పనులు తప్పనిసరి చేస్తే ఇన్‌ఫెక్షన్లు మూడింట రెండు వంతుల దాకా తగ్గాయని 2006లో తేలింది. అవి సొరంగం లేని గొట్టాలే ఎక్కువ, నిజమే. అయినా పెద్ద ఆసుపత్రుల్లోనే అలవాట్లతో అంత తేడా వచ్చిందంటే, ముప్పు ఊరిని బట్టి కాదు, నేర్పును బట్టి ఉంటుందనే కదా. డయాలసిస్‌కు గొట్టం కన్నా, చేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టే ఫిస్టులాయే మేలన్న మాటను మాత్రం ఒప్పుకోవాల్సిందే. 1966 నుంచి వాడుకలో ఉన్న ఫిస్టులాకు సాటి లేదు. కానీ అది పక్వానికి రావడానికి వారాలు పడుతుంది. జబ్బు ముదిరాక వచ్చినవాడికి అప్పటిదాకా గొట్టమే దిక్కు.

1965లో సేలం నుంచి విడిపడిన ధర్మపురి జిల్లాకు ప్రభుత్వ వైద్య కళాశాల 2008లో గాని రాలేదు. 1971లో మూత్రపిండ మార్పిడి, 1986లో ఎముక మజ్జ మార్పిడి మొదలుపెట్టిన రాయవేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఒకప్పుడు ఇక్కడి తమిళులకూ తెలుగువాళ్లకూ, ఇటు చిత్తూరు జనానికీ ఒకేలా పెద్ద దిక్కు. గొట్టం అక్కడ వేయించుకోవచ్చు. కానీ దాన్ని పూడుకుపోకుండా లోపల కడగడానికి (ఫ్లష్ చేయడానికి), వారం వారం కట్టు మార్చడానికి ప్రతిసారీ బస్సెక్కి వెళ్లడం కూలివాళ్లకు కుదరదు. కాబట్టి జిల్లా ఆసుపత్రుల్లో, తాలూకా ఆసుపత్రుల్లో ఈ పనిలో శిక్షణ పొందిన నర్సు ఒక్కరైనా ఉండేలా ప్రభుత్వం చూడాలి. గొట్టంతో ఇంటికి పంపేటప్పుడు కుటుంబంలో ఒకరికి దాని సంరక్షణ చేసి చూపించమని డాక్టర్ని అడగండి. చలితో వణుకుతూ జ్వరమొస్తే మాత్ర వేసి తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.