కొరియా దుబాసీల చరిత్రము

తళ్ళికోట యుద్ధానంతరము విజయనగర ప్రభువులకు రాజధానియై కొంతకాలము వెలసిన పెనుకొండకు చేరువను, 2019లో కియా సంస్థవారి కార్ల కర్మాగారము పని ప్రారంభించినది మొదలు, ఆ బెంగుళూరు బాట పొడవునను కొరియా లిపిలో వ్రాసిన భోజనశాలల ఫలకములు కానవచ్చుచున్నవి. ఆ ఫలకములను తప్పులేకుండ చదువవలెనని కోరిక పుట్టిన తెలుగు పిల్లలు కొందరు లేకపోలేదు, ఆ భాషను పట్టపరీక్షకు చదివెదమని వారు పలికినంతనే ఇంటి పెద్దలు వేయు మొదటి ప్రశ్న, "అది చదివి ఏమి చేయుదువురా?" యనునదే. దీనికి నేటి కాలమున సమాధానములు చాలగలవు. 1997 నుండి జరుగుచున్న టోపిక్ అను పరీక్షలో ఆరు అంతస్తులున్నవి. పై అంతస్తులకు ఎక్కినవారిని వ్యాపార సంస్థలు దుబాసీలుగా పిలుచుకొనును. పై చదువు కోరువారికి ఢిల్లీలోని జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున్నది, సియోలు నగరమునకు దగ్గర 1978లో స్థాపింపబడిన కొరియా విద్యాపరిషత్తున్నది. సాహిత్యాభిరుచి గలవారికి అనువాద వృత్తి యున్నది. 2020 నాటి మన జాతీయ విద్యావిధానము సైతము ఉన్నత పాఠశాలలలో నేర్పదగిన విదేశ భాషలలో కొరియా భాషను పేర్కొన్నది. అయినను ఆ పెద్దల ప్రశ్న మాత్రము క్రొత్తది కాదు. కొరియా దేశమున ఆ ప్రశ్న ఏడువందల యేండ్లకు పైబడి అడుగబడుచున్నది. అడిగినవారికి అచ్చటి చరిత్ర ఒకే విధమైన జవాబు చెప్పలేదు.

కొర్యో రాజవంశము మంగోలుల పెత్తనమునకు లోబడియున్న దినములలో, అనగా 1276లో, తొంగ్‌మున్‌గ్వన్ అను భాషాశాల నొకదానిని నెలకొల్పిరి. అందులకు చెప్పబడిన కారణము మిక్కిలి సరసమైనది. అదివరకు దుబాసీ పని చేయువారు నీచకులజులనియు, ఒకరు పలికినది మరియొకరికి ఉన్నదున్నట్లు చేరవేయక నడుమ తమ లాభము చూచుకొనుచుండిరనియు రాజాస్థానమున అపవాదు కలదు. కనుక నలువది యేండ్లు దాటని చిన్న యుద్యోగులను ఎంచి వారికి చీనా భాష నేర్పింప నిశ్చయించిరి. దుబాసీని నమ్మరాదను శంకయే దుబాసీల పాఠశాలకు పునాదిరాయి యైనదన్నమాట. 1392లో జోసొన్ వంశము సింహాసన మెక్కగా, మరుసటి యేటనే ఆ శాల సాయొగ్వొన్ అను పేరుతో పునఃస్థాపితమైనది. చీనా, మంగోలు, జపాను, జుర్‌చెన్ భాషలు నాలుగింటిని అచ్చట బోధించుచుండిరి. మంచూలు చీనాను జయించిన పిమ్మట, 1667లో, జుర్‌చెన్ భాషా విభాగమునకు మంచూ భాషా విభాగమను పేరు వచ్చినది. ఇరుగుపొరుగున ఎవరి కత్తికి పదునున్నదో ఆ శాలలోని పాఠ్యప్రణాళికను చూచి తెలిసికొనవచ్చును.

ఆ పాఠములు వట్టి వ్యాకరణ పాఠములు కావు. ముఖ్య పాఠ్యగ్రంథమైన నొగొల్దే సంభాషణ రూపమున నడచును: కొరియా వర్తకులు గుఱ్ఱములు తోలుకొని, జిన్సెంగ్ మూలికయు నారబట్టలును మోయించుకొని బీజింగు నగరమునకు పోవుదురు, త్రోవలో తోడు దొరకిన చీనా వర్తకునితో మాటలు కలుపుదురు, పూటకూళ్ళయింట బియ్యము ధర అడుగుదురు, గుఱ్ఱముల బేరమున పట్టుదల చూపుదురు. సంతలోని మాటయే శాలలోని మాటగా నుండవలెనని ఆ గ్రంథకర్త తలంపు. ఇంత జేసినను విద్యార్థులు శాలలో తమలో తాము ఇంటి భాషనే మాటలాడుకొనుచుండిరి కాబోలు. 1442లో సేజోంగ్ మహారాజు కాలమున, సాయొగ్వొన్ ఆవరణలో చీనా భాష తప్ప వేరు పలుకరాదనియు, పలికినవారికి తప్పును బట్టి దండన విధింపవలెననియు ఉత్తరువు వెలువడినది. మరుసటి యేటనే ఆ మహారాజు కొరియా ప్రజలకొరకు హంగుల్ లిపిని నిర్మించెను. తన జనుల పలుకునకు అక్షరములు చెక్కించిన ప్రభువే దుబాసీల శాలలో ఆ పలుకును నిషేధించెనన్నచో పైకి విరుద్ధముగ తోచును గాని, భాష యెట్లు వచ్చునో యెరిగిన వానికి రెండు పనులును ఒక బుద్ధి నుండియే పుట్టును.

ఆ లిపిని పరభాషల నేర్పుటకు పనిముట్టుగా వాడినవారిలో ఛ్వే సేజిన్ అగ్రగణ్యుడు. అతడు దుబాసీ కుమారుడు, తానును దుబాసీయే. నొగొల్దే మొదలగు చీనా పాఠములకు పదము పదము ప్రక్కను హంగుల్‌లో ఉచ్చారణయు, దిగువ అర్థమును చేర్చి, గురువు లేనివాడును చదువుకొన వీలగునట్లు సంస్కరించెను. 1527లో బాలురకొరకు కూర్చిన చీనాక్షర గ్రంథపు ఉపోద్ఘాతమున హంగుల్ అక్షరములను వరుసగా చెప్పబోయి, ఒక్కొక్క దానిని పిలుచు తీరును సూచించెను. నేడు కొరియా భాష తొలిపాఠమున ప్రతి విద్యార్థియు వల్లించు గియొక్, నియున్ మొదలగు పేర్లకు మూలమదియే.

కాంగ్ ఉసొంగ్ చరిత్ర మరియొక తీరుది. 1592లో జపాను సేనలు కొరియాపై పడినపుడు జింజు పట్టణమున బాలుడుగా నున్న ఇతడు బందీగా చిక్కి జపానునకు కొనిపోబడెను. దాదాపు పదేండ్లకు స్వదేశము చేరి, చెరలో చెవిని పడిన భాషనే జీవనాధారము చేసికొని, 1609లో దుబాసీ పరీక్షయందు కృతార్థుడయ్యెను; రాయబార బృందములతో మూడు పర్యాయములు జపానునకు పోయి వచ్చెను. అతడు వ్రాసిన జపాను సంభాషణ గ్రంథము 1676లో అచ్చుపడి, తరువాతి తరముల విద్యార్థులకు ప్రధాన పాఠ్యమైనది. చెరసాలను ఇంతకంటె చక్కగా పాఠశాలగా మార్చుకొన్నవానిని నేనెరుగను.

ఇక ఉద్యోగపు మాట. మూడేండ్ల కొకసారి జరుగు దుబాసీ పరీక్షలో తుదకు నిలుచువారు పందొమ్మిదిమంది: చీనా భాషకు పదముగ్గురు, తక్కిన మూడింటికి ఇద్దరేసి. పరీక్ష నెగ్గుటతో కష్టము తీరినదా యన్నచో అదియును లేదు. జీతము గల పదవులు కొద్ది, అర్హులు పెక్కు. కావున ఒకే జీతమును ఆరేసి నెలల వంతున చేతులు మార్చు పద్ధతి యేర్పరచిరి. వంతు లేని నెలలలో ఇల్లు గడచుటెట్లు? ఆ ప్రశ్నకు రాజ్యము చూపిన ఉపాయము జిన్సెంగ్ మూలిక. బీజింగునకు పోవు రాయబారముతో నడచు ప్రతి దుబాసీయు పది గున్‌ల తూకము గల మూటలు ఎనిమిదింటిని వెంట తీసికొనిపోయి అమ్ముకొనవచ్చునని పదునేడవ శతాబ్దమున అనుమతి కలిగెను. గున్ అనగా ఆరువందల గ్రాములకు దగ్గరి తూకము. తరువాత మూలికకు మారు అంత విలువగల వెండిని కొనిపోనిచ్చిరి. ఖజానా ప్రయాణ వ్యయమును తప్పించుకొన్నది, దుబాసీ వర్తకుడైనాడు. చీనా పట్టు బీజింగులో కొని పూసాన్ రేవున జపానువారికి అమ్మినచో మూలధనము ఎన్నో రెట్లగుచుండెను. ఈ త్రోవను ధనికుడైన బ్యొన్ సుంగొప్ అను జపాను దుబాసీ పేరు సియోలులో సామెతగా నిలిచినది. పాక్ జివొన్ అను మహారచయిత కథలో కనబడు బ్యొన్ ధనవంతుడు ఇతని పితామహుడేయని చెప్పుదురు.

ధనము కలిగెను గాని పీట దక్కలేదు. యాంగ్‌బాన్ అను పండిత ప్రభువర్గమునకు దిగువను, సామాన్య జనమునకు ఎగువను, జుంగిన్ అనగా నడిమివారను పేరుతో దుబాసీలు, వైద్యులు, జ్యోతిష్కులు ఒక వర్గముగా నిలిచిపోయిరి. వారిలో వారే పెండ్లిండ్లాడి, కొడుకులను తిరిగి అదే పరీక్షకు కూర్చుండబెట్టుచుండిరి. నాలుగు భాషలలో సంధిపత్రము చదువగలవాడు తన దేశమున మంత్రికి సమాసనమున కూర్చుండలేడు. దుబాసీ కుటుంబమున పుట్టిన చాంగ్ హీబిన్ కొంతకాలము రాణియై, ఆమె కుమారుడు 1720లో సింహాసన మెక్కినను, ఆ వర్గమునకు తలుపులు తెరచుకొనలేదు. మన మదరాసు సుప్రీము కోర్టున ప్రధాన దుబాసీయైన ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీయాత్ర సాగించి, ఆ యాత్రాచరిత్రను మనకు మిగిల్చినపుడు ఆయనకు లభించిన గౌరవము సియోలు దుబాసీలకు అసూయ పుట్టింపదగినది.

కొరియా వారు ఇతరుల భాషలు నేర్చిన కథ ఇది. ఇతరులు కొరియా భాష నేర్చిన కథకు తొలి రంగస్థలము సుషిమా ద్వీపము. జపానునకును కొరియాకును నడుమ సముద్రమున నున్న ఆ రాతిదీవిలో పంటలు తక్కువ, వర్తకమే బ్రతుకు. 1678 నుండి పూసాన్‌లోని ఛోర్యాంగ్ అను చోట వారి వర్తకశాల నిలిచియుండెను. ఆడువారికి అచ్చట నివాసము నిషేధము. అమెనొమొరి హోషు అను పండితుడు సుషిమా ప్రభువు కొలువున చేరి, ముప్పదేండ్లు దాటిన వయస్సున ఆ వర్తకశాలకు స్వయముగ పోయి కొరియా భాషను అభ్యసించెను. దుబాసీ మాట నమ్మి ఊరకుండుట ఆయనకు రుచింపలేదు. 1727లో సుషిమాలో కొరియా భాషాశాలను తెరచెను. మరుసటి యేట ప్రభువునకు సమర్పించిన గ్రంథమున, పొరుగు దేశముతో నడచునపుడు వంచన వలదు, కలహము వలదు, సత్యమే చెలిమికి మూలమని వ్రాసెను. 1990లో కొరియా అధ్యక్షుడు రో తేవూ టోకియో విందులో ఆయన పేరు తలచువరకు ఆయనను స్మరించినవారు సామాన్యముగ పండితులే.

పాశ్చాత్యుల సంగతి వేగముగ చెప్పి ముందునకు సాగెదను. ఫ్రెంచి మతాచార్యులు, 1866 నాటి హింసలు తప్పించుకొని వచ్చిన రిదెల్ ఆధ్వర్యవమున, 1880లో యోకొహామాలో కొరియా–ఫ్రెంచి నిఘంటువును అచ్చువేయించిరి. కెనడా దేశీయుడైన గేల్ 1897లో ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. అప్పటికి సాయొగ్వొన్ లేదు. 1894 నాటి సంస్కరణలలో పాత పరీక్షలతో పాటు అదియు రద్దయినది. అంతకు పదునొకండేండ్ల ముందు అమెరికా రాయబారి సియోలునకు రాగా, అతని వెంట దుబాసీగా వచ్చినవాడు జపానులో ఇంగ్లీషు నేర్చిన యున్ ఛిహో అను పద్దెనిమిదేండ్ల యువకుడు. ఇన్ని తరముల శాల అప్పటికి ఒక్క ఇంగ్లీషు దుబాసీనైనను తయారు చేసి యుండలేదు.

అయినను ఆ శాల చివరి తరములను తలచినపుడే నాకు ఈ వృత్తిపై గౌరవము హెచ్చును. ఈ సాంగ్‌జొక్ అను దుబాసీ పన్నెండు పర్యాయములు చీనాకు పోయి వచ్చెను. అతని గురువైన కిమ్ జొంగ్‌హీ మహాలిపికారుడు. 1840లో జేజు ద్వీపమునకు ప్రవాసితుడయ్యెను. పదవి పోయినవానిని పలుకరించుటయే ప్రమాదమైన దినములలో ఈ సాంగ్‌జొక్ బీజింగున దుర్లభ గ్రంథములను కొని సముద్రము దాటించి గురువునకు పంపుచుండెను. అందొకటి నూటయిరువది సంపుటములది. ఆ ధనముతో పట్టు కొనియున్న ఎంత లాభము! గురువు 1844లో, చలికాలమునను పచ్చదనము వీడని దేవదారులను, నడుమ ఒక శూన్యగృహమును చిత్రించి శిష్యునకు పంపెను. సేహన్‌దో అను ఆ చిత్రమును అతడు తరువాతి ప్రయాణమున బీజింగునకు తీసికొనిపోగా, పదునారుగురు చీనా పండితులు దానికి ప్రశంసలు వ్రాసిరి. ఈ సాంగ్‌జొక్ శిష్యుడు ఓ గ్యొంగ్‌సొక్ కూడ దుబాసీయే. పదుమూడు పర్యాయములు బీజింగునకు పోయి, పాశ్చాత్య దేశములను వర్ణించు చీనా గ్రంథములను తెచ్చి యువకులచే చదివించెను. కిమ్ ఒక్‌గ్యున్ మొదలగు సంస్కర్తలకు కన్ను తెరిపించినవి ఆ పెట్టెలలోని పుస్తకములే.

ఆ చిత్రము తరువాత చేతులు మారి, కిమ్ జొంగ్‌హీ రచనలకై జీవితము ధారవోసిన ఫుజిత్సుక అను జపాను పండితుని చేరినది. 1944లో, టోకియోపై బాంబులు పడబోవు వేళ, సొన్ జేహ్యొంగ్ అను కొరియా లిపికారుడు ఆయన గుమ్మమున దినముల తరబడి నిలిచి వేడుకొనగా, ఆయన వెల పుచ్చుకొనక ఇచ్చివేసెను. మరుసటి యేడు వైమానిక దాడిలో ఆయన గ్రంథసంచయము చాలభాగము కాలిపోయెను. 1949లో ఆ చుట్టకు మరికొన్ని వ్రాతలు చేరినవి. వ్రాసినవారిలో ఒకరు ఓ సేఛాంగ్: 1919 నాటి స్వాతంత్ర్య ప్రకటనపై వ్రాలు చేసిన ముప్పది మువ్వురిలో ఒకడు, ఓ గ్యొంగ్‌సొక్ దుబాసీ కుమారుడు. పదునాలుగు మీటర్లకు పైబడిన ఆ చుట్ట 2020లో దానముగా సియోలులోని జాతీయ ప్రదర్శనశాలకు చేరినది.